హైలో పెట్టాలా, లోలో పెట్టాలా

గిటారు శబ్దం పెంచే ఆ నల్ల డబ్బాకు ముందు వైపు గిటారు పిన్ను పెట్టే చిల్లులు రెండున్నాయి. ఒకదాని మీద 'హై' అని, రెండోదాని మీద 'లో' అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఏడో తరగతితో బడి మానేసిన సుకన్యకు ఆ రెండు మాటలు చదవడం వచ్చు. రాకపోయుంటే బాగుండేది, ఇంత గుబులు తప్పేది అనుకుంది.

"ఎందుల పెడ్తవే పిన్ను?" అని కూతుర్ని అడిగింది.

"హైల." రుచిత తీగలు బిగిస్తూ తలెత్తకుండానే చెప్పింది.

"తక్కువదాంట్ల పెడ్తే ఏం పోయిందే?"

"లోల పెడ్తే నా గిటారు జరమొచ్చిన ముసలోని లెక్క మూలుగుతదమ్మా. కాలేజీ మొత్తం నవ్వుతది."

నవ్వితే నవ్వనీ, మనిషి మిగిలితే చాలు. సుకన్య ఆ మాట పైకి అనలేదు. ఆరేళ్ల కింద రెంజల్ దగ్గర చెరుకు తోటలో ఆమె తమ్ముడు పోశన్న మోటరు డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి మళ్లీ తనంత తానుగా రాలేదు. అప్పటినుంచి తల్లి సాయవ్వ ఇంటిల్లిపాదికీ ఒకటే చెప్పేది: "అరచెయ్యి పెడ్తే కరెంటు గుంజి పట్టుకుంటది బిడ్డా. ఎనక చెయ్యి పెట్టుండ్రి, ఇడిసిపెడ్తది." ఫ్రిజ్జయినా, కూలరయినా, చుట్టాలింటి మిక్సీ అయినా సుకన్య ముందుగా చేతి వెనక వైపుతో తాకి చూడనిదే ముట్టదు. మరిది పెళ్లిలో పెళ్లికొడుకు కూర్చునే ఇనుప కుర్చీకి లైట్లు చుట్టి ఉన్నాయని దాన్నీ అలాగే తాకి చూసింది. అందరూ నవ్వారు.

మర్నాడు పనిగట్టుకుని బోధన్ నుంచి బస్సెక్కి నిజామాబాద్ పోయింది. రుచితకు రెండు రోజుల కోసం ఆ పాత డబ్బా ఇచ్చింది మజహర్. ముప్పై ఏళ్లుగా రేడియోలు, మైకులు బాగుచేసే మనిషి.

"చెల్లె, ఆ రెండిట్లకెల్లి కరెంటు బయటికి రాదు," అన్నాడు మజహర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి. "గిటారు మాట లోపలికి పోతది, గంతే. మెల్లగ మాట్లాడే గిటారుకు హై. ముందే గట్టిగ ఒర్రే గిటారుకు లో. మన బిడ్డది మెల్లగ మాట్లాడేది. హైలనే పెట్టాలె."

"కసం తిను భాయ్," అని ఒట్టు అడిగింది సుకన్య.

"కసం. నా బిడ్డ షాజియా అయినా గిదే చెప్తుంటి."

సరే అని తిరిగొచ్చింది. నమ్మలేదు.

ఆ మర్నాడే కాలేజీ వార్షికోత్సవం, పొద్దున పది గంటలకు. స్టేజీ సిమెంటు నేలను అప్పుడే కడిగారు, ఇంకా తడి ఆరలేదు. సరస్వతీదేవి పటం పెట్టి దీపం వెలిగించారు కాబట్టి పైకి ఎక్కేవాళ్లంతా చెప్పులు మెట్ల దగ్గరే విడుస్తున్నారు. రుచిత కూడా విడిచి, పటానికి పువ్వులు పెట్టడానికి వెళ్లింది. అదే అదను. సుకన్య కొంగు సర్దుకుంటున్నట్టు వంగి, పిన్ను హైలోంచి పీకి లోలో గుచ్చింది.

రుచిత వచ్చి తీగ మీటింది. డబ్బా లోపల ఎవరో దుప్పటి కప్పుకుని గొణిగినట్టు వినిపించింది.

"ఏయ్ రుచితా, నీ గిటారు ఇయ్యాల ఉపాసమున్నదా?" ముందు వరుసలోంచి ఓ పిల్ల అరిచింది. పకపకా నవ్వులు.

రుచిత వంగి చూసింది. పిన్నును చూసింది, తల్లిని చూసింది.

"నువ్వే గదా?"

సుకన్య మళ్లీ కొంగు సర్దుకుంది.

"నా ఇజ్జత్ తీస్తున్నవమ్మా." పిన్ను హైలోకి మార్చి మీటింది. ఈసారి శబ్దం హాలు చివరిదాకా పోయింది.

"ఒక్కపారి నన్ను ముట్టనియ్యే. గంతే, మల్ల ఏమనను."

చెప్పులు విడిచి ఆ తడి నేల మీద నిలబడి, వెనక చెయ్యి తీగలకు ఆనించింది. చీమల బారు మోచేతి దాకా పాకినట్టు జివ్వుమంది.

"గది ఏం కాదమ్మా. పొద్దున్నుంచి గట్లనే అంటుంది," రుచిత తేలిగ్గా అంది. "ఇందాక మైకుకు మూతి తగిలితే జర సుర్రుమన్నది, గంతే."

సుకన్య చెయ్యి వెనక్కి లాక్కుంది. "లోల పెట్టు," అంది. రుచిత విసుక్కుంటూనే మార్చింది. మళ్లీ తాకింది. అదే జివ్వు, వీసమెత్తు తగ్గలేదు.

అయితే హైలో లేదు, లోలో లేదు. రెండు రోజులుగా ఆమె ఒక పుట్ట దగ్గర కాపలా కాస్తే, పాము ఇంకో పుట్టలో ఉంది. డబ్బా వెనక వైరు పట్టుకుని నడిచింది. డబ్బాది మూడు పిన్నుల ప్లగ్గు, సరిగ్గానే ఉంది. దాన్ని గుచ్చిన పొడుగు వైరు బోర్డు మాత్రం మైకులు, కుర్చీలు కిరాయికిచ్చే టెంటువాళ్లది. ఆ వైరు కొసకు ప్లగ్గే లేదు. రెండంటే రెండు వైర్లు, తోలు ఒలిచి గోడ సాకెట్టులో దూర్చి, జారకుండా అగ్గిపుల్లలు కుక్కారు.

"కరెంటు భూమిలకు పోయే మూడో వైరు ఏదయ్యా?" అంది టెంటు సామాను చూసుకునే నరేందర్‌తో.

"అర్తా? మీ ఇంట్ల పెండ్లికి అర్తు పెట్టిస్తలే అక్కా," నరేందర్ నవ్వాడు. "ఏం గాదు. ఎన్నో ఏండ్లసంది గిట్లనే నడుస్తున్నది."

పోశన్న మోటరు బిగించినవాడూ ఇదే మాట అన్నాడు. ఏం గాదు, గిట్లనే నడుస్తది. పోశన్న పోయాకే అక్కడ గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు పోసి అర్తు పైపు పాతారు.

మైకులో రుచిత పేరు పిలిచారు. రుచిత గిటారు మెడలో వేసుకుంది.

సుకన్య డబ్బా ప్లగ్గును బోర్డులోంచి ఒక్క గుంజు గుంజింది.

"అమ్మా!"

"నీ తల్లి కరెంటాఫీసుల ఇంజనీరా పాపా?" నరేందర్ వెక్కిరించాడు. జనం గొల్లుమన్నారు. రుచిత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్టేజీ పక్కనున్న ఫిజిక్సు లెక్చరర్ ఆత్మారాం సారు గబగబా వచ్చాడు.

"ఏందమ్మా గిది? పిల్లను పిలిచినం గదా!"

ఎవరి ముందూ గొంతెత్తని సుకన్య ప్లగ్గును రొమ్ముకు అదుముకుని అంది. "అర్తు లేదు సార్. తీగలు జివ్వుమంటున్నయి. నా తమ్ముడు గిట్లనే పోయిండు. మీరు తిట్టినా సరే, నేనియ్య."

ఆత్మారాం వంగి గోడ దగ్గర అగ్గిపుల్లలు చూశాడు. తర్వాత రుచిత కాళ్లు చూశాడు, తడి నేల చూశాడు, మైకు చూశాడు. "చెయ్యి తీగల మీద, మూతి మైకుకు..." అని ఆగిపోయాడు. నరేందర్ వైపు చూసిన చూపుకు అతని నవ్వు ఎండిపోయింది. "ముందు డాన్సు పిల్లల్ని పిలువుండ్రి," అని, ల్యాబులోంచి మూడు పిన్నుల బోర్డు తెప్పించి, డబ్బాకూ మైకుకూ ల్యాబు సాకెట్టు నుంచే లైను లాగించాడు.

డాన్సు అయ్యేసరికి అన్నీ సిద్ధమయ్యాయి. సుకన్య మళ్లీ వెనక చెయ్యి పెట్టింది. తీగలు చల్లగా, ఊరికే తీగల్లా ఉన్నాయి. ఇంకోసారి పెట్టింది. మైకు గొట్టానికీ పెట్టింది. అయినా మెట్ల దగ్గరికి పోయి తన రబ్బరు చెప్పులు తెచ్చి కూతురి కాళ్ల ముందు వేసింది.

"సరస్వతమ్మ ముందట చెప్పులా?" రుచిత గుసగుసగా అంది.

"ఆమెకు నేను చెప్పుకుంట. తొడుగు."

రుచిత తొడుక్కుంది. పిన్ను చేతిలో పట్టుకుని తల్లి ముఖంలోకి చూసింది. ఈసారి గొంతులో విసుగు లేదు. "ఎందుల పెట్టాలె?"

"హైల పెట్టు."

పాట మొదలైంది. హాలు ముందు నిశ్శబ్దమైంది, తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. సుకన్య తెర వెనక బోర్డు పక్కన గొంతుక్కూర్చుని, ప్లగ్గు మీది నుంచి చూపు తిప్పలేదు. ఒక చెయ్యి వైరు దగ్గరే ఉంచింది. ఏమన్నా అయితే గుంజాలి.

చెమటతో తడిసిన ముఖంతో రుచిత పరుగెత్తుకొచ్చింది. "ఎట్లున్నదమ్మా పాట?"

సుకన్య లేచి, ముందు కూతురి వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది.

"ఏ పాటే?" అంది.