పాలు పొంగిన పాఠం

మైకు ఆన్ చేసే ముందు నేను ఫ్యాను ఆపుతాను. తర్వాత టీవీ కట్టేయమని అత్తయ్యను బతిమాలుతాను, వంటింటి తలుపు దగ్గరగా వేస్తాను. ఆ ఆదివారం కూడా అన్నీ చేశాను. పొయ్యి మీద పాలున్నాయని ఆవిడకు చెప్పి మరీ కూర్చున్నాను. "నీళ్ళు కాగితే ఏమవుతాయి పిల్లలూ?" అని మొదలుపెట్టానో లేదో వంటింట్లోంచి కేక.

"వైదేహీ! పాలు పొంగుతున్నయ్! ఎక్కడున్నావే?"

పొయ్యి పక్కనే నిలబడి, పొయ్యి కట్టేయడానికి నన్ను పిలిచారావిడ.

నేను జగ్గయ్యపేట పక్క ఊళ్ళో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. మా ఆయన ఉదయభాస్కర్ నందిగామలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంటికి నెట్ పెట్టించింది ఆయన డిపార్ట్‌మెంటు పరీక్షల కోసం. చదివిన పరీక్షలు తక్కువ, చూసిన క్రికెట్ స్కోర్లు ఎక్కువ. మిగిలిన వేళల్లో తిరగేస్తుంటే నాకొక సైటు దొరికింది. ఫొటోలు వరసగా పెట్టి, వాటి మీద మన గొంతు ఎక్కించి, కావలసిన చోట బాణం గీస్తే అది కదులుతుంది, మొత్తం చిన్న సినిమా అవుతుంది. హైవే మీద హోటల్లో ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లేచే ఆవిరి, దండెం మీద ఆరే చీర, నడివేసవిలో ఎండిన మునేరు, అన్నిటినీ నా ఫోనులో ఫొటోలు తీశాను. బడికిచ్చిన ఒక్క కంప్యూటర్ ముందు పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి చూసేవాళ్ళు. ఆ ముఖాలు చూస్తే ఇంటి చాకిరీ అంతా మర్చిపోయేదాన్ని.

ఆ సైటులో అక్కర్లేని చప్పుళ్ళు కత్తిరించే వీలుంది. కుక్కరు కూత, అత్తయ్య దగ్గు, కాలింగ్ బెల్లు, నా నిట్టూర్పు. పాఠంలోంచి మా ఇంటిని తీసేయడమే సగం పనయ్యేది. కానీ ఆ కేకను మాత్రం కత్తిరించడం మర్చిపోయి బడికి తీసుకెళ్ళాను. పిల్లలు పడీపడీ నవ్వారు. "టీచర్, పాలు మళ్ళీ పొంగించండి" అన్నారు. నీళ్ళు కాగితే ఏమవుతాయో ఆ తర్వాత ఎవరూ మర్చిపోలేదు. ఇక దాన్ని ఉంచేశాను.

నేను ఎంత చేసినా ప్రతి పాఠం చివరా ఒక వాక్యం వచ్చేది. 'తయారు చేసినవారు: ఉదయభాస్కర్'. అది సైటు తనంతట తను వేసేది. ఎందుకంటే చేరేటప్పుడు మెయిలు అడిగితే ఆయన, "నీకెందుకు ఇంకో మెయిలు? నాదుంది కదా. పాస్‌వర్డు మర్చిపోయి మళ్ళీ నా ప్రాణం తీస్తావు" అని తనది కొట్టారు. తర్వాత నేను నోరు తెరిచి అడిగాను కూడా. "ఇంట్లో ఎవరి పేరుంటే ఏంటి? నువ్వూ నేనూ వేరా?" అన్నారు. వేరు కాకపోతే పాలు పొంగినప్పుడు అత్తయ్య ఒక్కసారైనా ఆయన పేరు పెట్టి ఎందుకు పిలవరు? ఆ మాట పైకి అనలేదు. ఒళ్ళు మాత్రం మండింది.

ఆ పాఠాలు సైటులో మండల విద్యాధికారి శాంతయ్య గారి కంటపడ్డాయి. నందిగామలో టీచర్ల మీటింగులో చూపించమని ఆయన కబురు చేసింది, ఇంకెవరికి, ఉదయభాస్కర్ గారికి. మా ఆయన ఇస్త్రీ చొక్కా నాచేతే తీయించుకుని, "నువ్వూ రా. మధ్యలో ఏదైనా ఆగిపోతే చూద్దువుగాని" అన్నారు. వెళ్ళి వెనక వరసలో మా బడి కమలాకుమారి టీచర్ పక్కన కూర్చున్నాను.

తెర మీద ఆవిరి లేచింది. నా గొంతు వినిపించింది. ఆ వెంటనే, "వైదేహీ! పాలు పొంగుతున్నయ్!"

హాలు ఘొల్లుమంది. శాంతయ్య గారు కూడా నవ్వి, "వైదేహి ఎవరండీ?" అని అడిగారు.

"మా ఆవిడండి. గొంతు తనది" అన్నారు మా ఆయన.

గొంతు తనది! కమలాకుమారి నా చెయ్యి నొక్కింది. ఇంతలో ముందు వరస నుంచి లాల్‌బీ టీచర్ లేచింది. "సార్, ఆ బాణం ఎట్లా కదిలిందండీ? మాకూ చేసి చూపించరా?"

ఆయన మౌసు పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూశారు. ఆ చూపు నాకు కొత్త కాదు, తువ్వాలు కనిపించకపోయినా అదే చూపు. ఎప్పట్లా పక్కకెళ్ళి చెవిలో చెబితే ఆయనే చేసేస్తారు. పాఠం ఆయనదే అవుతుంది, నేను మళ్ళీ గొంతునవుతాను.

లేచాను. "మీరు కూర్చోండి, నేను చెబుతా" అన్నాను. ఆయన అమ్మయ్య అన్నట్టు వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. నిజం చెప్పొద్దూ, ఆయన ముఖంలోనూ హాయే కనిపించింది. నాకైతే గుండెల మీంచి తిరగలి దించినట్టుంది.

తెర మీదున్న ఆయన ఖాతాను మూసేశాను. మొత్తం ఖాళీ అయింది.

"బాణం తర్వాత చూద్దాం. ముందు ఎవరి మెయిలు వాళ్ళు తెరుచుకోవాలి."

కమలాకుమారి వెనక నుంచి చెయ్యెత్తింది. "మా ఆయనది ఉందండి. అది చాలదా?"

ఆడవాళ్ళ వరసలన్నీ నా జవాబు కోసం చూస్తున్నాయి.

"చాలదండీ" అన్నాను. "నాదీ ఇప్పుడే తెరుస్తున్నా, చూడండి."