మేస్త్రీ మాట

లాండ్రీలో ఆవిరి గొట్టం పగిలి ఇస్త్రీ అక్క కుడిచెయ్యి కాలిన రోజు, మా చేత పని చేయించే మేస్త్రీ అందరి ముందే చెప్పాడు: "నయం చేసుకుని రా అక్కా. మడతల బల్ల దగ్గర కూర్చుందువుగాని. నీ పని ఎక్కడికీ పోదు." ఆ మాట నమ్మి ఆమె మూడు నెలలు ఇంట్లో ఉంది. తిరిగి వస్తే గేటు తియ్యలేదు.

మాటిచ్చే అధికారం మేస్త్రీకి కంపెనీ ఇవ్వలేదట. ఉంటే కాగితం చూపించమన్నాడు మేనేజరు. కాగితం ఎక్కడిది? ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మా లాండ్రీలో పదకొండేళ్లుగా సెలవైనా, షిఫ్టు మార్పైనా, కొత్తవాళ్లను పనిలోకి తీసుకోవడమైనా మేస్త్రీ నోటిమాట మీదే. ఏనాడూ కాగితం అడగకపోవడం మా తప్పే.

భోజనాల వేళ గేటు బయట గోడ దగ్గర అక్క చుట్టూ చేరాం. అందరం అలిసిపోయి ఉన్నాం. కోపం రావడానికైనా ఓపిక ఉండాలి. నీళ్ల గ్లాసు చుట్టూ అక్క వేళ్లు ముడుచుకోలేదు. బాయిలరు తాత గ్లాసు అడుగున చెయ్యి పెట్టి, ఆమె తాగేదాకా నిలబడ్డాడు.

నేను హాజరు రాసేవాణ్ణి. నాకు తెలిసిన చట్టం చెప్పాను: ఒకణ్ణి తన తరఫున నిలబెట్టి ఇన్నేళ్లు అతని మాట చెల్లనిచ్చిన కంపెనీ, ఇప్పుడు ఈ ఒక్క మాట చెల్లదనడానికి వీల్లేదు.

"కోర్టులో ఎన్నేళ్లు పడుతుంది మాస్టారూ?" అంది అక్క.



తాత మెల్లగా అన్నాడు: "మరి మనకి పని చెప్పే అధికారం ఆ మేస్త్రీకెవడిచ్చాడు? ఆ కాగితం కూడా చూపించమందాం."

ఎవరో నవ్వారు. ఆ గోడ దగ్గర నవ్వు విని చాలా రోజులైంది.

గంట కొట్టాక మేస్త్రీ యంత్రాలు తిప్పమన్నాడు. ఎవరూ కదల్లేదు. "కాగితం చూపించు తమ్ముడూ," అంది ఉతుకుడు వదిన. బాయిలరు చల్లారుతుంటే మేనేజరు మెట్లు దిగొచ్చాడు. మేస్త్రీ మాటంటే కంపెనీ మాటేనని, పని మొదలెట్టమని నలభై మంది ముందు అరిచాడు.

తారీకు వేసి ఆ మాట హాజరు పుస్తకంలో రాశాను. ఒక్కొక్కరే వచ్చి సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. వదిన వెళ్లి గేటు తీసింది. అక్క వచ్చి మడతల బల్ల దగ్గర కూర్చుంది.

మేనేజరు పోలీసులను పిలిపించాడు. తాతనూ నన్నూ జీపు వైపు నడిపిస్తుంటే వెనక నుంచి వినిపించింది: అక్కను బయటికి పంపమని మేనేజరు మేస్త్రీని గద్దిస్తున్నాడు.

మేస్త్రీ అన్నాడు: "ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్."