రాతచెయ్యి, కత్తిచెయ్యి

వీధిలో అందరూ ఆయన్ని కత్తి బాబాయి అంటారు. ఆయన సెలూన్లో, ఆయన కత్తి ముందు తల వంచని మగాడు ఆ చుట్టుపక్కల లేడు. అలాంటి మనిషికి చేతుల వణుకు పట్టుకుంది. ఊరికే ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండే చేతులు, ఏదైనా పట్టుకోగానే ఊగిపోయేవి. మందులు పనిచెయ్యలేదు. ఒకాయన చెవి కాస్త గీసుకుపోయిన రోజు, కూతురు కత్తి లాక్కుని తనే కుర్చీ వెనక నిలబడింది. నాన్నని గల్లా దగ్గర కూర్చోబెట్టింది. అప్పట్నుంచీ ఆయనకి మళ్ళీ కత్తి పట్టాలన్న యావ తప్ప ఇంకోటి లేదు.

"తల కొయ్యం బాబాయ్. శబ్దతరంగాల్ని లోపల ఒక్క చోటికే గురిపెట్టి, వణుకు పుట్టే ఆ చోటుని వేడితో ఆపేస్తాం. ఇప్పుడు చేసేది ఒక చేతికే," అంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ.

బాబాయి గంగిరెద్దులా తలూపాడు. తల బాగుపడ్డాక రెండు చేతులూ బాగుపడక ఎక్కడికి పోతాయని ఆయన ధీమా. పరీక్షకని పెన్నిచ్చి సుడి గీయమంటే కుడిచేత్తో గీశాడు. సంతకమూ దాంతోనే పెట్టాడు. ఇంకేం, అందరూ కుడిచేతికే ఏర్పాట్లు చేసుకున్నారు.

చికిత్స రోజు పొద్దున్నే నర్సు గుండు చెయ్యడానికొచ్చింది. వెంట్రుక మిగిలితే తరంగాలు సరిగా లోపలికి పోవట. బాబాయి పళ్ళ బిగువున కాసేపు ఓర్చుకున్నాడు.

"అమ్మాయ్, గుండు చేస్తున్నావా, గోడకి సున్నం గీకుతున్నావా?"

"కదలకండి బాబాయ్!"

"కత్తి అలా కాదమ్మా, ఇలా..." అంటూ ఆమె చేతిలోది లాగేసుకున్నాడు. ఎడమచేత్తో. కత్తి గాల్లో గజగజలాడింది. నర్సు కెవ్వుమంది. ఆ కేకకి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి, కత్తినీ ఆ చేతినీ చూసి నిలబడిపోయింది.

"మీది ఎడమచేతివాటమా?"

"రాతకి కుడి, కోతకి ఎడమ. బళ్ళో మాస్టారు బెత్తంతో రాతని కుడికి మార్చాడు గానీ, కత్తి జోలికి రాలేదు."

"మరి చెప్పలేదేం?"

"మీరు పెన్నే ఇచ్చారు కదమ్మా!"

డాక్టరమ్మ తల పట్టుకుంది. కుడిచేతికైతే మెదడులో ఎడమవైపు వేడి పెట్టాలి, ఎడమచేతికైతే కుడివైపు. ఒకటే జరుగుతుంది, ఏది కావాలో చెప్పమంది. బాబాయి రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నాడు.

"కుడిదే చేయించుకో నాన్నా. కాఫీ ఒలకకుండా తాగొచ్చు," అంది కూతురు.

"కాఫీ గొట్టంతో తాగొచ్చే. గడ్డం గొట్టంతో గీయలేం కదా!"

డాక్టరమ్మకి నవ్వాగలేదు. బృందమంతా స్కాన్లు ముందేసుకుని ఎడమచేతికి లెక్కలన్నీ మళ్ళీ మొదలెట్టింది. టెక్నీషియన్ మాత్రం లోలోపల సణుక్కున్నాడు.

మధ్యాహ్నానికి బాబాయి తలకి చట్రం బిగించి, చల్లటి నీళ్ళు తిరిగే టోపీ తొడిగి, యంత్రంలోకి తోశారు. కాస్త వేడి పెట్టడం, బయటికి లాగి చెయ్యి చూడటం, మళ్ళీ లోపలికి తొయ్యడం. ఎడమచేతికి పెన్నిస్తే ఆ సుడి చంటిపిల్లాడి గీతలా వచ్చింది.

"ఇది వణుకా, చేతకాక వంకరా?" అని డాక్టరమ్మ తికమకపడింది.

"ఈ చేతికి చదువు రాదమ్మా. కత్తివ్వండి, చూపిస్తాను."

యంత్రంలో పెద్ద అయస్కాంతం ఉంది కాబట్టి ఆ గదిలోకి ఇనుము రాకూడదు. టెక్నీషియన్ జేబులోంచి ప్లాస్టిక్ దువ్వెన తీసిచ్చాడు. బాబాయి దాన్ని కత్తిలా పట్టాడు. ఊగింది. మళ్ళీ లోపలికి తోశారు, వేడి పెంచారు, బయటికి లాగారు. ఈసారి కాస్తే ఊగింది. ఆ తర్వాతి సారి దువ్వెన గోడకి కొట్టిన మేకులా నిలబడింది. అద్దం అవతల ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. బాబాయి మాత్రం దువ్వెన వంకే చూస్తుండిపోయాడు.

మర్నాడు పొద్దున తల తడుముకుంటే, నర్సు వదిలేసిన వెంట్రుకలు చెవి వెనక, టోపీ అందని చోట, కుచ్చులా తగిలాయి. తనే గీసుకుంటానంటే, చట్రం గుచ్చుకున్న చోట్ల జోలికి పోవద్దని చెప్పి, డాక్టరమ్మ సరేనంది. ఆయన కుడిచేత్తో అద్దం పట్టుకుంటే అద్దం ఊగింది. కూతురు దాన్ని అందుకుని నాన్న ఎదురుగా నిలబడింది. బాబాయి ఎడమచేత్తో కత్తి ఆనించాడు. కుచ్చు మొత్తం ఒక్క గీతలో రాలింది. నెత్తురు చుక్క లేదు.

అద్దంలో బాబాయి మొహం ఊగుతోంది.

"అద్దం కదపకే. నీకెప్పుడొచ్చిందే ఈ వణుకు?"

కూతురు ముక్కు ఎగబీల్చింది. బాబాయి కత్తి పక్కన పెట్టి, ఆమె చేతిని తన ఎడమచేత్తో పట్టుకుని, ఊగకుండా ఆపాడు.