పంటు కింద పాత ఇంజను

నేను ఒక పెట్రోలు ఇంజన్ని. ఇప్పుడు గోదావరి మీద మనుషుల్నీ బళ్లనీ రేవు దాటించే పంటు నడుపుతున్నాను కానీ, అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఒక నల్లకారులో ఉన్నాను. ఆ కారు చక్రధరరావుగారిది. నడిపేది డ్రైవరు అబ్బులు. రావుగారి అమ్మాయి సుహాసిని పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది మేమే.

నాకో జబ్బుంది, దాచుకోను. ఎండాకాలంలో పెట్రోలు పంపు వేడెక్కి ఆగిపోతాను. అబ్బులు తన తువ్వాలు తడిపి పంపుకి చుట్టేవాడు. రెండు నిమిషాల్లో మళ్లీ బయల్దేరేదాన్ని. రావుగారికి ఆ రెండు నిమిషాల ఓపిక లేకపోయింది. కారంటే ఆయనకు ప్రాణం, అమ్మడానికి మనసొప్పదు. అందుకని నన్ను ఊడబీకించి, అందులో డీజిలు ఇంజను పెట్టించారు. మనుషుల ప్రేమ అంతే. పైన రంగు పోకూడదు గానీ, లోపల ఏం మారినా ఫరవాలేదు.

"దాని తప్పేం లేదండీ, తడిగుడ్డ చాలండీ" అని అబ్బులు ఎంత బతిమాలినా ఆయన వినలేదు. షెడ్డులో నన్ను గొలుసుతో పైకి లాగుతుంటే అబ్బులు మొహం తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పంటు నడిపే పోతురాజు నన్ను కొని తెచ్చి అడుగున బిగించుకున్నాడు. నా జబ్బు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

మొన్న మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఆ నల్లకారు పంటెక్కింది. సుహాసినికి అవతలి ఒడ్డున రెండు గంటలకు ఎంట్రన్సు పరీక్ష. సరిగ్గా నది మధ్యలో నేను ఆగిపోయాను. పోతురాజు హ్యాండిలు తిప్పి తిప్పి అలిసిపోయాడు.

"ఈ పాత ఇనుముని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావయ్యా? పిల్ల ఏడాది పోద్ది!" అని రావుగారు పైనుంచి కేకలు. సుహాసిని హాల్‌టికెట్టు పట్టుకుని ఏడుస్తోంది. నా చేతుల్లో పెరిగిన పిల్ల. సిగ్గుతో చచ్చిపోయాను.

అబ్బులు కిందికి దిగి, వంగి చూశాడు.

"ఓసి, నువ్వా!"

భుజాన తువ్వాలు తీసి గోదాట్లో ముంచి పంపుకి చుట్టాడు. రెండు నిమిషాలు ఆగమన్నాడు. తర్వాత ఒక్క తిప్పుకే లేచాను. ఒకప్పటి నా కారుని, ఆ డీజిలు ఇంజనుతో సహా, అవతలి రేవుకి లాక్కెళ్లాను. అప్పటికి ఒంటిగంటన్నర.

"ఇంజను గట్టిదేనోయ్! ఎక్కడ కొన్నావు?" అన్నారు రావుగారు పోతురాజుతో.

"తవరి ఊళ్లోనేనండీ. ఎవరో ఆసామి తుక్కు కింద అమ్మేశాడంటండీ."

"తెలివితక్కువ మనిషి" అంటూ ఆయన కారెక్కారు. అబ్బులు వెళ్లి స్టీరింగు పట్టుకున్నాడు. తువ్వాలు అడగలేదు. పోతురాజు రోజూ మధ్యాహ్నం దాన్నే తడిపి నాకు చుడుతున్నాడు.