బోడమెడ పెట్ట

గడ్డం గీసుకునే మగ్గులో భార్య కోళ్లకు నీళ్లు పోసిందని శనివారం పొద్దున్నే తిరుమలేష్ ఇల్లదిరేలా అరిచాడు.

"ఇంట్ల గిన్నెలే లేవా? నా మగ్గే దొరికిందా?"

"గీ ఎండకు అవి నోర్లు తెరుస్తున్నయి. చేతికి దొరికింది పెట్టిన," అంది ఝాన్సీలక్ష్మి.

"కోళ్లకు గింత రంధి ఏందే?" అంది అత్త ఆగమ్మ, కొత్తగా వచ్చిన కేబుల్ టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.

ఆ రెండు కోళ్లూ తిరుమలేష్ తెచ్చినవే. ఝాన్సీ అడిగింది మెడ మీద ఈకలుండని నాటుజాతిని, బోడమెడ కోడిని. చంద్రపూర్ ఎండకు తట్టుకునేది అదే. ఎందుకు తట్టుకుంటుందో జంతుశాస్త్రం చదివిన ఆమెకు తెలుసు. ఇంట్లో ఎవరూ అడగలేదు. "ఆడోళ్లను బజార్ల మోసం చేస్తరు, నేను తెస్త," అని వెళ్లి, బేరమాడి మరీ తెచ్చాడు. నెల తిరక్కుండా రెండింటి మెడల నిండా ఈకలు మొలిచాయి. అమ్మినవాడు మెడ ఈకలు పీకి అమ్మాడు. "కోడే కదా," అని తిరుమలేష్ నవ్వేశాడు.

ఆ మాట ఆమె అంతకుముందూ విన్నది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బోడమెడ పెట్టను నిరుడు పదకొండు గుడ్ల మీద పొదగేసింది. మరో మూడు రోజుల్లో పిల్లలవుతాయనగా, కూతురు ప్రజ్ఞ బడిలో మీటింగ్ ఉంటే వెళ్లింది. తిరిగొచ్చేసరికి గంపలో పెట్ట లేదు. తను పనిచేసే ప్లాంటు నుంచి సార్ భోజనానికి వస్తున్నాడని తిరుమలేష్ దాన్ని కోయించాడు. ఆమె ముఖం చూసి "కోడే కదా," అన్నాడు. గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అరచేత్తో తడిమి చూసి, లేచి మసాలా నూరింది. ఆ కూర వండింది తనే. సార్ మెచ్చుకుంటుంటే "మా ఇంటి కోడే సార్," అన్నాడు భర్త. ఇంటి కోడి. పొద్దున్నే గంప తీసిందెవరు, నూకలు చల్లిందెవరు, పిల్లి రాకుండా కాపు కాసిందెవరు? భర్త మీద కంటే, ఆ రోజు నోరెత్తకుండా వడ్డించిన తన చేతుల మీదే ఆమెకు ఎక్కువ కోపం.

ఆ శనివారమే, ఆయన డ్యూటీకి వెళ్లగానే, బోడమెడ పెట్ట కోసం ఆమె బస్సెక్కింది. లాల్‌పేట్ చికెన్ దుకాణంవాడు "బ్రాయిలర్ తీస్కో బాయీ," అని నవ్వాడు. పక్కన కూరగాయలమ్మే ఆమె మాత్రం బామ్ని అనే ఊళ్లో ఉండే ఈరమ్మ పేరు చెప్పింది.

ఈరమ్మ వాకిట్లో ఆరు బోడమెడ పెట్టలు తిరుగుతున్నాయి. ఝాన్సీ ధర అడిగింది.

"అమ్మను బిడ్డా. పొదిగే పెట్టను ఎవలన్న అమ్ముతరా? పాలుకిస్త. పిల్లలైతె సగం నీకు, సగం నాకు."

"సరే పెద్దమ్మా."

"ఆగు. మీ ఇంట్ల కోడి మీద మాట ఎవలది?"

నాదే అని అబద్ధమాడవచ్చు. కానీ ఝాన్సీ చూపు పెట్టల మీదికి తిప్పుకుంది.

ఈరమ్మ ఆమె ముఖం చూసింది. "తేల్చుకొని రా. పెట్ట యాడికి పోదు."

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. "వచ్చే నెల సార్ మళ్లొస్తుండు," అన్నాడు తిరుమలేష్, కంచంలో పెరుగు కలుపుకుంటూ. "ఒక నాటుకోడి తయారుగ ఉంచు."

ఝాన్సీ గరిటె గిన్నెలో పెట్టి, తనకూ ఒక కంచం వేసుకుని ప్రజ్ఞ పక్కన కూర్చుంది.

"రేపు బామ్ని పోతున్న. ఈరమ్మ దగ్గర బోడమెడ పెట్టను పాలుకు తెస్త. సగం ఆమెది, సగం నాది. ఈ ఇంటిది అండ్ల ఒక్క ఈక సుత లేదు."

ఆగమ్మ తలతిప్పి చూసింది. తిరుమలేష్ నవ్వబోయాడు. "కోడే కదా ఝాన్సీ..."

"అవును, కోడే. దాని మీద మాట ఎవలదని ఆమె అడిగింది. నిన్న చెప్పలేకపోయిన. రేపు చెప్తున్న, నాదని." అన్నం కలుపుకుంది. "మీ సార్ వస్తే పప్పుచారు పెడ్త."