పాసు మాస్టారి కూతురు

పాసు మాస్టారి దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళు లైసెన్సు పరీక్షలో తప్పిన దాఖలా లేదు. ఆ బిరుదు అందుకే వచ్చింది. స్టీరింగు పట్టుకోగానే చెమటలు పోసే నాయనమ్మలనీ, క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియని కుర్రాళ్ళనీ కూడా ఆయన గట్టెక్కించేశాడు. పరీక్ష పెట్టే ఆఫీసరు ఎక్కడ నిలబడతాడు, దేనికి తలూపుతాడు, దేనికి మొహం చిట్లిస్తాడు అన్నవి ఆయనకి కొట్టిన పిండి.

"అద్దంలో చూస్తే చాలదమ్మా, చూసినట్టు ఆయనకి కనపడాలి. తల బాగా తిప్పు," అనేవాడు. "నిజంగా చూడటం సంగతి లైసెన్సొచ్చాక చూసుకుందాం."

లైసెన్సొచ్చాక ఎవరు చూసుకున్నారో ఆ రోడ్లకే తెలియాలి. ఏమైతేనేం, మనిషి మంచివాడు. ఎవరిమీదా గొంతు పెంచడు. తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది గనక ఆయనకి భయమంటే తెలీదు. అలాంటి మనిషి చెవిన, సొంత కూతురి గురించి పరీక్ష అన్న మాట పడింది. ఇక అడగాలా!

కూతురిని ఇంట్లో బుల్లి అంటారు. నాలుగేళ్ళు నిండాయి. పిలిస్తే పలకదు. బొమ్మ కారిస్తే నడపదు, తిరగేసి చక్రం తిప్పుకుంటూ పూటంతా కూర్చుంటుంది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరుతుంది. మాటలున్నాయి గానీ అవి మనం అన్న మాటలే, మనకే తిరిగి వస్తాయి. "పాలు కావాలా?" అంటే "పాలు కావాలా" అంటుంది. ఆయన దానికి మురిసి, "చూశావా, ఎంత స్పష్టంగా అందో," అనేవాడు. ఆయన భార్య మందుల షాపు కౌంటర్లో పని చేస్తుంది. రోజూ పదిమంది పిల్లల్ని చూస్తుంది. ఆవిడ మురవలేదు.

పిల్లల డాక్టరు చూసి పెద్దాసుపత్రికి రాశాడు. ఆటిజమా కాదా అన్నది అక్కడ తేలుస్తారట. ఆ తేల్చేవాళ్ళు కొద్దిమంది, నిలబడ్డ లైను చాంతాడంత. నెలల తరబడి ఎదురుచూడాలి. తేలి కాగితం చేతికొస్తే, బడిలో ఒక చిన్న గది ఉంది. అక్కడ కొద్దిమందే పిల్లలు, పక్కనే కూర్చునే టీచరమ్మ, మాటలు నేర్పే ఆవిడ ఉంటారు. కాగితం లేకపోతే అందరితోపాటు పెద్ద క్లాసే. బుల్లికి ఆ చిన్న గది దొరకాలి. తల్లి మొక్కులూ ఆశలూ అన్నీ ఆ ఒక్కదాని మీదే.

ఎదురుచూసే ఆ నెలల్లో ఆవిడకి ఊపిరాడింది ఒక్కచోటే. టైర్ల షాపు మీద ఒక గది ఉంది. ఆదివారం పూట అక్కడ ఇలాంటి తల్లిదండ్రులు కలుస్తారు. ఒక పెద్దావిడ నడుపుతుంది. ఆవిడ కొడుక్కి ఇప్పుడు మీసాలొచ్చాయి, అతనూ ఆటిజం ఉన్నవాడే. అందరికీ ఆవిడ పెద్దక్క. వచ్చినవాళ్ళకి ముందు టీ పోస్తుంది, ఆ తర్వాతే మాట.

మొదటిసారి వెళ్ళిన రోజు ఎవరో తల్లి, "మా వాడు తెల్లగా ఉన్నదే తింటాడండీ, పెరుగులో కొంచెం రంగు కనపడినా గిన్నె విసిరేస్తాడు," అంది. అది విని బుల్లి తల్లి భోరున ఏడ్చేసింది. పక్కింటివాళ్ళు గారాబం అన్నారు, అత్తగారు పెంపకం అన్నారు. ఇన్నాళ్ళకి ఒక మనిషి 'మా ఇంట్లోనూ అంతే' అన్నందుకు ఏడ్చింది. ఆ గదిలో ఎవరూ ఊరుకోమని అనలేదు. ఎవరో టీ గ్లాసు దగ్గరికి జరిపారు, అంతే.

పాసు మాస్టారు మాత్రం గోడవారగా తండ్రుల మధ్య కూర్చుని కూపీ లాగుతున్నాడు. "మీ వాడిని ఆసుపత్రిలో ఏమేం అడిగారండీ? బుడగలు ఊదారా? ఊది ఆగిపోయారా? ఆగితే వాడేం చెయ్యాలట?" ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ముక్క రాబట్టాడు. బొమ్మకి పాలు పట్టాలి. పేరు పిలిస్తే కళ్ళలోకి చూడాలి. అదిగో అంటే అటు చూడాలి, కావలసింది వేలితో చూపించాలి. వెళ్తూ టాటా చెప్పాలి. ఆయన మొహం వెలిగిపోయింది. పెద్ద సిలబస్ ఏం కాదు.

పెద్దక్క పసిగట్టింది. మెట్లు దిగుతుంటే ఆపి, "తమ్ముడూ, అది నువ్వనుకునే పరీక్ష కాదు. పిల్ల ఎలా ఉంటే అలా చూపించు. అందులో పాసవ్వడాలేం ఉండవు," అంది.

"అలాగే అక్కా," అన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అలాగే అంటే అలాగే అనుకున్నారా?

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. సాయంత్రం కారు నిలిపి ఇంటికి రాగానే చొక్కా మార్చుకుని, బుల్లి ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. కళ్ళలోకి చూడటం దానికి చచ్చేంత కష్టం. ఎన్ని రోజులు పిలిచినా గోడకేసే చూసేది. అప్పుడు ఆయనకో ఉపాయం తట్టింది. కారు అద్దానికి అంటించే చిన్న ఎర్ర స్టిక్కరు తెచ్చి తన కనుబొమల మధ్య అంటించుకున్నాడు. "బుల్లీ" అని పిలవడం, స్టిక్కరు మీద వేలు పెట్టడం. బుల్లి స్టిక్కరు చూసింది. మెల్లగా స్టిక్కరు తీసేసినా అక్కడికే చూడటం మరిగింది. దూరం నుంచి చూసేవాళ్ళకి అచ్చం కళ్ళలోకి చూస్తున్నట్టే ఉంటుంది.

ఒక్కొక్కటీ అలాగే ఎక్కించాడు. అన్నీ వరసగా చేస్తే చివర, "పాస్" అని దాన్ని రెండు చంకల కింద పట్టుకుని ఎత్తి గిర్రున ఒక్క చుట్టు తిప్పేవాడు. ఎవరు ముట్టుకున్నా విదిలించుకునే పిల్ల ఆ ఒక్క చుట్టుకీ పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసం ఆయన రెండో షిఫ్టు స్టూడెంట్లని కూడా మానుకున్నాడు.

"ఏమండీ, అది వెళ్ళేది ఆసుపత్రికా, లైసెన్సుకా?" అంది భార్య ఒకరోజు.

"రానిదైతే ఎలా నేర్చుకుంటుందే? నేర్చుకుందంటే దానికి వచ్చినట్టేగా. వచ్చినప్పుడు ఇక జబ్బెక్కడిది?"

"జబ్బు కాదండీ అది. పెద్దక్క చెప్పిందిగా."

"ఏదో ఒకటి. లేనప్పుడు పేరెందుకు పెట్టించుకోవాలి?"

ఆవిడకి జవాబు తెలుసు. చెప్పలేదు. ఎందుకంటే కూతురు బొమ్మకి పాలు పడుతోంది. తప్పని తెలిసినా తల్లి కళ్ళు అటే లాగుతాయి. ఏమో, ఆయన అన్నదే నిజమైతే, అనుకుంది. ఆ తర్వాత జీవితమంతా ఆవిడ తనని తాను తిట్టుకున్నది ఆ ఒక్క 'ఏమో' గురించే.

రోజు రానే వచ్చింది. ఆసుపత్రి గదిలో చిన్న బల్ల, చిన్న కుర్చీలు, ఒక పెట్టె నిండా బొమ్మలు. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. బుడగలు ఊది ఆగింది. బుల్లి వేలు చూపించింది. పేరు పిలిచింది. బుల్లి తిరిగి చూసింది. బొమ్మ ఇచ్చింది. బుల్లి దానికి పాలు పట్టింది. మాస్టారి కుడికాలు తనకి తెలియకుండానే లేని బ్రేకు మీద ఆనుకుని ఉంది. దాన్ని నొక్కే అవసరమే రాలేదు.

తర్వాత తల్లిదండ్రులని అడిగింది. ఇంట్లో పిలిస్తే పలుకుతుందా? పలుకుతుందండీ. తోటిపిల్లలతో ఆడుతుందా? ఆడుతుందండీ. చప్పుళ్ళకి ఇబ్బంది పడుతుందా? అంతేం లేదండీ, పిల్లలన్నాక మామూలేగా. ప్రశ్న పూర్తవకుండానే ఆయన దగ్గర జవాబు సిద్ధం. డాక్టరమ్మ తల్లి వంక తిరిగి, "మీరేమంటారమ్మా?" అంది. ఆవిడ భర్తని చూసింది, బల్ల కింద చేతులు నలుపుకుంది. "ఆయన చెప్పినట్టేనండీ," అంది.

"ఇప్పుడైతే ఏదీ తేల్చి రాయలేను. ఏడాది పోయాక మళ్ళీ తీసుకురండి," అంది డాక్టరమ్మ.

దారి పొడుగునా ఆయన ఈల వేసుకుంటూ నడిపాడు. ఆవిడ వెనక సీట్లో కూతురి పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూనే ఉంది. పిల్ల అలిసిపోయి పడుకుంది. ఇంటికొచ్చాక లేచి, ఏమీ లేనిదానికి గోడకి తల బాదుకుంటూ సాయంత్రం దాకా ఏడ్చింది. లోపల పట్టి ఉంచినదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చింది. ఆయన ప్రయాణం బడలిక అన్నాడు.

బడి తెరిచారు. పెద్ద క్లాసు. బెంచీలు ఇరుకు, గంట మోగితే కిటికీ అద్దాలు అదురుతాయి. వారం తిరక్కుండా కబురొచ్చింది. మాస్టారు ఒక స్టూడెంటుని నడిరోడ్డు మీదే దింపి పరిగెత్తాడు.

బుల్లి ఆఖరి బెంచీ కింద ముడుచుకుని ఉంది. తన మణికట్టు తనే కొరుక్కుంది, పళ్ళగాట్లు కమిలి ఉన్నాయి. మిగతా పిల్లలని బయటికి పంపేశారు. టీచరమ్మ చెడ్డది కాదు పాపం, ఆవిడ కళ్ళలోనూ నీళ్ళే.

"మొదటి రోజు ఎంత బాగా చేసిందో సార్. పేరు పిలిస్తే చూసింది, బొమ్మిస్తే పాలు పట్టింది, టాటా చెప్పింది. మళ్ళీ మొదట్నించీ అవే చేసింది. మళ్ళీ అవే. అవి అయిపోయాక ఏం చెయ్యాలో దానికి తెలీలేదు సార్." ఆగి అంది. "ఆ కాగితం ఒక్కటి ఉంటే ఇవాళే చిన్న గదికి పంపేదాన్ని. అది లేకుండా నా చేతుల్లో లేదు."

ఆయన బెంచీ కిందికి వంగి, "బుల్లీ" అన్నాడు. వణుకుతూనే, కొరికిన చెయ్యి నోట్లో ఉండగానే, ఆ పిల్ల ఆయన కనుబొమల మధ్యకి చూసింది.

ఆ చూపుకి ఆయన నడుం విరిగింది. తన వేలితో తన కూతురి కన్నే పొడిచాడు. ఎవరిని అంటాడు?

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి, వరండాలో పడిగాపులు పడి, డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాడు. స్టిక్కరు సంగతితో సహా. ఆవిడ కోప్పడలేదు.

"నాకు అనుమానం వచ్చిందండీ. పాప నా కళ్ళలోకి చూడలేదు, కొంచెం పైకి చూసింది. అందుకే ఇంట్లో ఎలా ఉంటుందని అన్నిసార్లు అడిగాను. తండ్రి అన్నీ బాగున్నాయంటే అనుమానం మీద నేనెలా రాస్తాను?"

"ఇప్పుడు రాయండమ్మా. నేను చెబుతున్నాగా."

"పిల్లని చూసి రాయాలి. మీరు నేర్పిందంతా ఆపెయ్యండి. అడిగినా చేయించొద్దు, మెచ్చుకోవద్దు. అది పలచబడి, పిల్ల పిల్లలా ఉన్నప్పుడు తీసుకురండి, ఏడాది ఆగక్కర్లేదు, మధ్యలో ఎలాగోలా చూస్తాను. మీరు ఎంత త్వరగా ఆపితే అంత త్వరగా."

ఆదివారం టైర్ల షాపు మెట్లెక్కాడు. గోడవార కూర్చోలేదు, మధ్యలో కూర్చున్నాడు. అందరి ముందూ చెప్పుకున్నాడు. "దానికి ఆ పేరు పెడతారంటే భయమేసింది అక్కా. పాస్ చేయిస్తే పోతుందనుకున్నా."

పెద్దక్క ఆయన గ్లాసులో మళ్ళీ టీ పోసింది. "మా వాడి చిన్నప్పుడు నేను వీధిలో అందరికీ వాడికి చెవుడని చెప్పుకున్నా. చెవుడైతే జనం జాలిపడి ఊరుకుంటారు కదా అని. నిజంగానే నమ్మి, ఎవరూ వాడితో మాట్లాడటం మానేశారు. ఆ ఏళ్ళు నాకు ఎవడిస్తాడు తమ్ముడూ?" అంది.

ఇంటికొచ్చి బొమ్మ అటక మీద పెట్టేశాడు. సాయంత్రం చొక్కా మార్చుకుని కుర్చీలోనే కూర్చున్నాడు. అడుసు తొక్కాక కాలు కడుక్కోవాలి కదా మరి, కష్టమైనా.

బుల్లి వచ్చింది. ఆయన ఎదురుగా, ఎప్పుడూ కూర్చునే చోట నేలమీద కూర్చుంది. ఆయన కనుబొమల మధ్యకి చూసింది. బొమ్మ లేదు గనక ఖాళీ చెయ్యి వంచి, లేని బొమ్మకి పాలు పట్టింది. వేలితో తలుపు చూపించింది. టాటా ఊపింది. ఊపి, రెండు చేతులూ కాస్త ఎత్తి ఆగింది.

ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఈ పిల్లతో తను నేలమీద కూర్చున్నదల్లా ఆ పాఠాల కోసమే. అంతకుముందు ఏనాడైనా కూర్చున్నాడా? దానికి తండ్రంటే ఇదే. ఇవి చేస్తే వచ్చి ఎత్తుకునేవాడే నాన్న.

బుల్లి మళ్ళీ మొదలుపెట్టింది. చూపు, పాలు, వేలు, టాటా. చేతులెత్తి ఆగింది. ఈసారి పెదవి వణికింది. మూడోసారి గబగబా చేసింది, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు. మణికట్టు నోటి దగ్గరికి వెళ్ళింది.

మెచ్చుకుంటే ఈ పాఠం పోదు, కాగితం రాదు, బడిలో ఆ బెంచీ కిందే ఇంకెన్నాళ్ళో. మెచ్చుకోకపోతే ఇదిగో, ఇప్పుడే, కళ్ళ ముందే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆసుపత్రికా, లైసెన్సుకా అని ఆనాడు అడిగింది ఆవిడే.

"చెప్పెయ్యండి," అంది, మొహం పక్కకి తిప్పుకుని. "దానికేం తెలుసు పాపం, చెప్పెయ్యండి."

ఆయన కుర్చీలోంచి నేలమీదికి జారాడు. "పాస్" అన్నాడు. చంకల కింద పట్టుకుని ఎత్తి ఒక్క చుట్టు తిప్పాడు. పిల్ల పకపకా నవ్వింది.

కిందకి దించగానే మళ్ళీ కూర్చుని ఆయన కనుబొమల మధ్యకి చూసింది.