ఒక్క చిరుగు పెట్టుబడి

నేను ఒక సేఫ్టీ బెల్ట్‌ని. వ్యాపారంలో దిగేవాడు ముందు తన చేతిలో ఏముందో చూసుకుంటాడు. నేనూ చూసుకున్నాను. భుజాలకీ తొడలకీ పసుపుపచ్చ పట్టీలు, వీపు వెనక ఒక తాడు, తాడు చివర ఇనుప కొక్కెం. ఇదంతా పైకి కనిపించే సరుకు. అసలు పెట్టుబడి తాడు మధ్యలో, అరచేతిలో పట్టేంత నల్లటి పొట్లంలో ఉంది. అందులో మడత మీద మడత వేసి కుట్టిన పట్టీ ఉంటుంది. మనిషి పైనుంచి జారినప్పుడు ఆ కుట్లు ఒకదాని వెనక ఒకటి తెగుతాయి. మడతలు విచ్చుకుంటూ, పడే మనిషి వేగాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. అంటే నా పెట్టుబడి ఒక్క చిరుగు. దాన్ని ఒక్కసారే ఖర్చు పెట్టగలను. పెట్టాక నా కొట్టు మూత.

ఈ సంగతి నన్ను కుట్టినవాళ్లకు తెలుసు. అమ్మినవాడికి తెలియదు.

అమ్మినవాడు దూస విఠల్. సిరిసిల్ల మగ్గాల ఇంట్లో పుట్టి, కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర తండ్రి పెట్టిన చీరల కొట్టు నడిపినవాడు. కొట్టులో బేరం పలచబడుతున్న రోజుల్లో అతను గాలి ఎటు వీస్తోందో చూశాడు. ఊరి చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. రోడ్డు కింద పరిచే గుడ్డ, చేపల చెరువు అడుగున వేసే గుడ్డ, ఆసుపత్రిలో గాయానికి వేసే గుడ్డ, కారులో దాగి ఉండే గుడ్డ... ప్రపంచం గుడ్డను కట్టుకోవడం కంటే పనికి పెట్టుకోవడం ఎక్కువైందని పసిగట్టాడు.

"చీర కట్టేటోళ్లు తగ్గుతున్నరు గని గోడ కట్టేటోళ్లు పెరుగుతున్నరే," అన్నాడు భార్య సుగుణతో. పట్టుచీరలున్న అద్దాల అలమారులో మమ్మల్ని వేలాడదీశాడు.

అక్కడికి చేరేసరికే నేను చాలా దూరం తిరిగి ఉన్నాను. నా నూలు ఒక దేశానిది, కొక్కెం ఇంకో దేశానిది, కుట్టింది మూడో చోట. అయినా నన్ను మొదట తాకిన విఠల్ బొటనవేలు పాత అలవాటు మానలేదు. పట్టీ అంచు నలిపి, నేత బిగువు చూసి, "మంచి గుడ్డ," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. గుడ్డ వ్యాపారికి గుడ్డ గురించి ఎవరు మాత్రం చెబుతారు?

కట్టడాల మేస్త్రీ ఒకాయన మమ్మల్ని కట్టగా కొని సైటుకు తీసుకుపోయాడు. నేను బిపిన్ అనే ఒడిశా పెయింటర్ వీపు మీదికి చేరాను. అతను పాడుకుంటూ రంగు వేసేవాడు. ఒక మధ్యాహ్నం పరంజా ఒరిగిపోయింది. బిపిన్‌తో పాటు మరో ఇద్దరు గాలిలోకి జారారు. ముగ్గురి వీపుల మీదా మేమే ఉన్నాం.

ఆ క్షణాన నా పెట్టుబడి మొత్తం ఖర్చు పెట్టాను. కుట్లు పటపటా తెగాయి. మడతలు ఊడిపోయాయి. బిపిన్ కింద నేలను చూస్తూ ఆగిపోయాడు. అతని గుండె నా ఛాతీ పట్టీకి కొట్టుకుంటూనే ఉంది. తన భాషలో ఎవరినో పిలిచాడు. దించేదాకా అదే పేరు పిలుస్తూ ఉన్నాడు. ఆ గుండె చప్పుడు నా నేతలో ఇంకిపోయింది. అతను ఇంటికి వెళ్లిపోయాడు, అది మాత్రం పోలేదు.

ముగ్గురూ బతికారు. మర్నాడు మేస్త్రీ మా ముగ్గురినీ సంచిలో కుక్కి విఠల్ బల్ల మీద పడేశాడు.

"ఏం మాల్ అమ్మినవు సేటూ? ఒక్క ఊపుకే చినిగినయ్!"

"మనుషులెట్లున్నరు?"

"దేవుని దయ, మంచిగున్నరు. నీ బెల్టులే మంచిగ లెవ్వు."

మనుషుల మెప్పు నాకు అందింది ఇలా. పని చేసినందుకు నాసిరకం సరుకునయ్యాను. విఠల్ మొహం మాడిపోయింది. అతని కొట్టులో కొన్న గుడ్డ చిరిగిందన్న మాట అంతవరకూ ఎవరి నోటా రాలేదు. కొత్తవి ఇచ్చి పంపాడు. మమ్మల్ని పారేయలేదు. గుడ్డ పారేయడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

అతనికి రఫ్ఫు పని తండ్రి నేర్పాడు. మేకుకు చిరిగిన పట్టుచీరను కుడితే, చింపిన ఆవిడ కూడా చోటు కనిపెట్టలేకపోయేది. అదే ఓపికతో మా మీద కూర్చున్నాడు. ఊడిన మడతలను మళ్లీ మడిచాడు. నైలాన్ దారాన్ని నాలుగు పేటలు వేసి, మైనం రాసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి బిగించి కుట్టాడు. పైన కొత్త నల్లగుడ్డ తొడిగాడు. చివరి ముడి పంటితో తెంపి, పొట్లాన్ని రెండు చేతులా లాగి చూశాడు.

"ఇగ ఏనుగు గుంజినా చినగది," అన్నాడు.

అతను గాయం మాన్పుతున్నాననుకున్నాడు. కుట్టు కుట్టుకీ నా ఒక్క తలుపూ మూసేశాడు. ఇక ఎవరైనా పడితే నేను తెగను, విచ్చుకోను. పడిన వేగమంతా ఒక్క కుదుపుగా ఆ మనిషి వెన్నెముకలోకే పోతుంది. చెప్పడానికి నాకు నోరు లేదు. పెట్టుబడి లేని కొట్టుకు కొత్త బోర్డు తగిలించినట్టు మెరుస్తూ వేలాడాను. కుట్టిన మిగతా రెండూ ఒక కొత్త కట్టలో కలిసిపోయాయి. బయటి రాష్ట్రాలకు సరుకు పంపే ఏజెంటు ఒకతను ఆ కట్టను ఎత్తుకుపోయాడు.

కొన్నాళ్లకు విఠల్ మేనల్లుడు శ్రావణ్ కొట్టుకు వచ్చాడు. సెల్ టవర్లెక్కి యాంటెన్నాలు బిగించే పని దొరికిందట.

"కొత్తది తీస్కోరా, పైసలియ్యకు."

"కొత్తది నాకెందుకు మామా? మనిషిని కాపాడిన బెల్టొకటి ఉన్నదట గద, గదియ్యి. కలిసొచ్చిన బెల్టు."

విఠల్ పొంగిపోయాడు. తన చేత్తో కుట్టినది తన చెల్లెలి కొడుకు కోరుకున్నాడు. నన్ను అలమారులోంచి తీసి, శ్రావణ్ భుజాలకు స్వయంగా తొడిగి, పట్టీలు సర్ది, దండ వేసినట్టు వెనక్కి జరిగి చూశాడు.

అప్పటినుంచి నాకు రెండు గుండెలు. శ్రావణ్ ఎక్కుతుంటే అతని గుండె కుదురుగా కొట్టుకునేది. దాని కింద బిపిన్ గుండె దడదడలాడేది. గాలి పెద్దదైనప్పుడు ఆ పాత పిలుపు నా పట్టీల్లో కదిలేది. తోటివాళ్లు నన్ను తాకి కళ్లకద్దుకుని మరీ ఎక్కేవాళ్లు. చచ్చినదానికి మొక్కుతున్నామని వాళ్లకేం తెలుసు?

తర్వాతిది నేను చూడలేదు. విఠల్ తన నోటితో చెప్పగా విన్నాను. హైదరాబాద్‌లో పనికి వాడే ఇలాంటి గుడ్డల ప్రదర్శన పెట్టారు. విఠల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి ఎగబాకుతోంది. ఏ దేశంలో ఎంత గిరాకీ ఉందో, వచ్చే ఏళ్లలో ఎంత పెరుగుతుందో ఒకాయన వివరిస్తున్నాడు. విఠల్ ఆ గీత వెంట తన కొట్టును కూడా పైకి నడిపించుకుంటూ కూర్చున్నాడు. తర్వాత పక్క గదికి వెళ్తే, అక్కడ ఒక అమ్మాయి మనిషంత బరువున్న ఇసుక బస్తాకు నాలాంటి బెల్ట్ కట్టి పైనుంచి వదిలింది. చర్రుమని పొట్లం విచ్చుకుంది. బస్తా మెల్లగా ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

విఠల్ ఊరుకోలేకపోయాడు. "చినిగింది గదమ్మా! గిదేం మాల్?"

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. "చినగడానికే కుట్టాం సార్. అది చినగకపోతే లోపల మనిషి విరుగుతాడు."

విఠల్ కూడా నవ్వబోయాడట. నవ్వు నోట్లోనే ఉండిపోయిందట.

బయటికొచ్చి శ్రావణ్‌కు ఫోన్ చేశాడు. కలవలేదు. టవర్ పని నడుస్తున్న చోట సిగ్నల్ ఎక్కడిది? కారు మాట్లాడుకుని, హుస్నాబాద్ దాటాక, మేమున్న గుట్ట కిందికి వచ్చి పడ్డాడు.

నేను పైనుంచి చూశాను. ఇస్త్రీ చొక్కా తడిసిపోయి, చెప్పు ఒకటి ఊడిపోయి, రాళ్ల మీద పాకుతూ వస్తున్నాడు. శ్రావణ్ కూడా చూశాడు. మామ తన పని చూడటానికి వచ్చాడనుకున్నాడు. సంబరంతో రెండు చేతులూ వదిలేసి, నా మీద వెనక్కి వాలి, చేతులూపాడు.

"జూడు మామా! నీ బెల్టు!"

అలా వాలడానికి నేను చాలుతాను. కుదుపుకు చాలను. కింద విఠల్ నోరు తెరిచాడు. అరిస్తే పిల్లవాడు బెదిరి జారుతాడేమోనని ఆగాడు. చేతులు కట్టుకుని, వీధిలో పలకరించినట్టు పిలిచాడు.

"శ్రావణ్, మీ అమ్మ గారెలు పంపింది. దిగు బిడ్డా. సల్లారుతయ్."

"పని ఒడిసినంక తింట!"

"ఇప్పుడే దిగు. మెల్లగ. తొందర లేదు గని... ఇప్పుడే దిగు."

శ్రావణ్ దిగడం మొదలుపెట్టాడు. ఒక కమ్మీకి కొక్కెం తగిలిస్తాడు, దిగుతాడు, తీస్తాడు, కింద కమ్మీకి తగిలిస్తాడు. తగిలించిన ప్రతిసారీ నన్ను నమ్ముతున్నాడు. ఒకచోట కాలు కొంచెం జారింది, చేత్తో పట్టుకున్నాడు. బిపిన్ గుండె నాలో ఒక్క క్షణం ఆగింది. విఠల్ కింద నిలబడి గారెల గురించి చెబుతూనే ఉన్నాడు. అల్లం ఎక్కువేసిందనీ, కోడికూర కూడా ఉందనీ.

కాళ్లు నేలకు తగిలాయో లేదో, విఠల్ మీద పడి నా బకిళ్లు లాగేశాడు. ఒకటి ఊడిరాలేదు. పళ్లతో లాగాడు.

"ఏందే మామా, దొంగను పట్టినట్టు! గారెలేవి?"

"లెవ్వు."

"మరి కోడికూర?"

"గదీ లేదురా."

విఠల్ రాయి మీద కూలబడి, నన్ను ఒళ్లో పెట్టుకుని, జరిగిందంతా చెప్పాడు. శ్రావణ్ పరిహాసాలు మాని నన్ను అందుకున్నాడు. పొట్లాన్ని వేళ్లతో నొక్కి చూశాడు. లోపల రఫ్ఫు కుట్లు గట్టిగా, గడ్డ కట్టినట్టు తగిలాయి. తలెత్తి అడిగాడు.

"ముగ్గురు పడ్డరన్నవ్ గద మామా. మిగిలిన రెండు ఎవలికిచ్చినవ్?"

విఠల్ నాతో పాటు ఇంటికి తెచ్చుకున్నది ఆ ప్రశ్నే.

ఏజెంటుకు ఫోన్ చేస్తే, ఆ కట్ట విప్పి నాలుగు చోట్లకు పంపానన్నాడు. ఒక వంతెనకు, ఒక ఫ్యాక్టరీకి. కొంత సరుకు ఓడెక్కిందన్నాడు. "గిరాకీ గట్లుంది సేట్. ఏది ఎటు పోయిందో ఎవలకు ఎరుక?" ప్రదర్శనలో తెర మీది ఆ గీత ఎగబాకింది ఎటువైపో అప్పుడు విఠల్‌కు అర్థమైంది. లోకమంతా ఎన్ని ఎత్తులున్నాయో, ఆ ఎత్తుల్లో ఏవో రెండు వీపుల మీద తన చేతికుట్టు ఉంది.

నన్ను అడ్డంగా కోసి, ఎవరూ తొడుక్కోకుండా, గల్లా వెనక గోడకు మేకుతో కొట్టాడు. కొనడానికి వచ్చినవాళ్లకు చిరిగే పొట్లం గురించి చెప్పనిదే సరుకు ఇవ్వడు. కొట్టు పెరిగింది, పక్క మడిగె కూడా తీసుకున్నాడు. అయినా రోడ్డు మీద ఎక్కడ బెల్ట్ వేసుకున్న కూలీ కనిపించినా బండి ఆపుతాడు. "ఆగు బిడ్డా," అని వెనక్కి తిప్పి, వీపు మీది పొట్లాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు. కొందరు పిచ్చోడనుకుంటారు, కొందరు తిడతారు. నొక్కినప్పుడు మెత్తగా తగిలితే నవ్వి వదిలేస్తాడు. గడ్డ ఇంకా తగల్లేదు.

నా లెక్క నేను మూసేసుకున్నాను. ఒక్క చిరుగు పెట్టాను, బిపిన్ వచ్చాడు. శ్రావణ్ నా రాబడి కాదు. అతన్ని కాపాడింది లేని గారెలు. గోడ మీద నాకిక చేసే వ్యాపారం లేదు, ఆ దడదడ వినడం తప్ప.

విఠల్ లెక్క మాత్రం తెరిచే ఉంది. వచ్చింది ఒకటి. బయట ఉన్నవి రెండు.